నా చేతిలోంచి తాళంచెవి లాక్కున్న మీ అందరికీ

అందరికీ వందనాలు. క్రిస్మస్ ముందు నేను జ్వరంతో పడిపోతే నా పని మీరంతా ఎత్తుకున్నందుకు ఆదివారం ప్రకటనల్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను గానీ మనసు ఒప్పుకోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

వికారాబాద్ వైపు మెథడిస్ట్ సంఘాల వాళ్ళకి తెలిసిందే, నవంబర్‌లో ధారూర్ క్రైస్తవ జాతరతో మొదలైతే జనవరి మొదటి ఆదివారం, దేవునికిచ్చిన మాట మళ్ళీ కొత్త చేసుకునే నిబంధన ఆరాధన అయ్యేదాకా మాకు ఊపిరి సలపదు. జాతరలో గుడారం పీకి ఇంటికొచ్చి దుప్పట్లు ఉతికి ఆరేసేలోపే క్రిస్మస్‌కి ముందు వారాల ఆగమన కాలం వచ్చేస్తుంది, ఇక సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్, సండే స్కూల్ పిల్లల నాటిక, 25 ఆరాధన, 31 రాత్రి. పాస్టర్‌గా నాకున్నది నాలుగు ఊళ్ళు, ఏ ఊరి వాళ్ళకి ఆ ఊరి క్రిస్మసే అసలు క్రిస్మస్. అందులో తప్పేం లేదు. తప్పంతా నాది, గుడి మీద స్టార్ ఎటు తిప్పి కట్టాలో కూడా నేనే చెప్పాలనుకునే రకం నేను.

డిసెంబర్ 16 రాత్రి క్యారల్స్. ట్రాలీ ఆటోలో డోలక్, కీబోర్డు, పన్నెండు మంది పిల్లలు, ముందు ఏముందో కనపడనంత మంచు, ఇంటికో టీ. ఒంటిగంటన్నరకి, ఇంకా పదకొండిళ్ళు ఉన్నాయనగా, ప్రార్థన చేద్దామని నోరు తెరిస్తే గాలే వచ్చింది, మాట రాలేదు. ఒళ్ళు కాలిపోతోంది. గాయక బృందాన్ని నడిపే తమ్ముడు నా చేతిలోంచి బైబిలు, బండి తాళంచెవి తీసేసుకుని "అయ్యగారూ, మీరు వెనక కూసోండి, ఇంటికాడ దింపుతా. మిగిలింది మేం చూసుకుంటం" అన్నాడు. నన్ను అడగలేదు, చెప్పాడంతే. తమ్ముడూ, మొదటి వందనం నీకే. ఆ పదకొండిళ్ళూ తెల్లారి నాలుగింటికి పూర్తిచేశారట, ప్రతి గుమ్మం ముందూ ఇంటర్ చదివే మన అమ్మాయే ప్రార్థన చేసిందట.

తర్వాత నాలుగు రోజులు మంచమే. మన దగ్గర వాక్యం ఎవరైనా చెప్పొచ్చు గానీ బల్ల, అంటే ప్రభు భోజనం, ఇవ్వాలంటే అభిషేకం పొందిన పాస్టర్ ఉండాలి. మోకాళ్ళ నొప్పులతో ఉన్న రిటైర్డ్ పాస్టర్ గారొకరు రెండు బస్సులు మారి వచ్చి ఆ పని చూసి, దారి ఖర్చు ఇవ్వబోతే మా కోశాధికారి అన్నని కసురుకుని వెళ్ళారు. అయ్యగారూ, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు.

ఆ కోశాధికారి అన్నే ఇంకో ఊళ్ళో వాక్యం చెప్పాడు. ఎవరో రికార్డు చేసి పంపితే మంచంలో పడుకుని విన్నాను, నిజం చెప్తున్నా, మొదట తప్పులు పట్టడానికే విన్నాను. మన మెథడిస్ట్ సంఘాలకి మూలపురుషుడు జాన్ వెస్లీ గారు కూడా అంతేనట. లండన్‌లో థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే ఆయన, పాదిరి కూడా కాదు, వాక్యం చెబుతున్నాడని తెలిసి ఆపేయడానికి పరుగున వెళ్తే, వెస్లీ గారి అమ్మ సుసన్నా గారు ముందు నువ్వు కూర్చుని విను అన్నారట. విన్నాక ఇక ఆపలేదు. బోధకుల చరిత్ర చెప్పేటప్పుడల్లా ఈ కథ చెప్తూనే ఉంటాను, నాకు తగులుతుందని ఎప్పుడూ అనుకోలేదు. అన్న కంది పంటకి పట్టే పురుగు గురించి, ఓపిక గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. నేను నలభై ఐదు తీసుకుంటాను.

ఇక మీ అమ్మగారు, అంటే మా ఇంటావిడ. పొద్దున బడికి పోయి పాఠాలు చెప్పి, సాయంత్రం వచ్చేవాళ్ళకి టీ పెట్టి, నా ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టింది. బియ్యంలోంచి రింగు వినపడుతుంటే లేవబోయేవాణ్ణి, తను చూసిన చూపుకి మళ్ళీ పడుకునేవాణ్ణి. అప్పుడే తెలిసింది, మా అబ్బాయి ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం వాడే పెట్టుకున్నాడని. తొమ్మిది రోజులు నా వెనక తిరిగాడట, ఆగు నాన్నా అంటూనే ఉన్నానట. దొరికిపోవడానికి కారణం వాళ్ళ టీచరు మన సంఘస్థురాలే కావడం, ఆమె పాప బాప్తిస్మం సర్టిఫికెట్ మీద నా అసలు సంతకం ఉంది! వాణ్ణి తిట్టే ముఖం నాకు లేకపోయింది. 1751లో పెళ్ళయ్యాక కూడా ప్రయాణాల్లో ఒక్క రోజు తగ్గించేది లేదన్న వెస్లీ గారి సంసారం ఎలా చెదిరిందో చదివినవాణ్ణే. ఆ ఒక్క విషయంలో ఆయన బాట నాకొద్దు.

నిబంధన ప్రార్థనలో, ప్రభువా, వాడుకుంటే నీ కోసం వాడుకో, పక్కన పెడితే నీ కోసమే పక్కన పెట్టు అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది కదా. ఏటా గడగడా చదివేసేవాణ్ణి. ఈసారి అక్కడ గొంతు ఆగింది, జ్వరం మాత్రం కాదు.

ఇకనుంచి సోమవారం ఫోను మళ్ళీ బియ్యం డబ్బాలోనే. చావుబతుకుల విషయమైతే ఇంటికే వచ్చి తలుపు కొట్టండి. సంఘం పనుల టెన్షన్ మంగళవారం నుంచి పడదాం.

అన్నట్టు, స్త్రీల సమాజం అక్కలు జొన్న రొట్టెలు, పప్పు, మిరియాల కషాయం పెట్టి పంపిన స్టీలు డబ్బాలు ఏడు మా ఇంట్లోనే ఉన్నాయి. ఒకదాని మూత మారిపోయింది, ఎవరిదో చూసుకోండి. ఖాళీవి ఇవ్వనంటూ మా ఇంటావిడ సకినాలు పెట్టింది, మెత్తబడకముందే వచ్చి తీసుకెళ్ళండి. సోమవారం తప్ప.