ఎమ్మెల్యేలను బస్సెక్కిస్తే చాణక్యమా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఎమ్మెల్యేలు గోడ దూకిన ప్రతిసారీ మన తెలుగు పేపర్లలో ‘ఫలించిన చాణక్యం’ అనే హెడింగ్ తయారుగా ఉంటుంది. దూకించిన నాయకుడు ఆ రోజుకు ‘అపర చాణక్యుడు’. మీ పత్రికలోనూ ఈ మాట చాలాసార్లు చదివాను. బెంగళూరులో ఉండేవాళ్లకు ఇది ఇంకాస్త గట్టిగా తగులుతుంది. క్యాంపు రాజకీయాలనగానే చుట్టుపక్కల రాష్ట్రాల వాళ్లకు ముందు గుర్తొచ్చేది మా ఊరి రిసార్టులే కదా. 1984 ఆగస్టులో ఎన్టీ రామారావు గారిని గద్దె దించినప్పుడు, ఆయన వెంట ఉన్న ఎమ్మెల్యేలు చీలిపోకుండా తీసుకొచ్చి ఉంచింది కర్ణాటకలోనే. ఆ క్యాంపుకు ఒక న్యాయమైన కారణమైనా ఉంది. ఆ తర్వాత చూసినవాటిలో చాలావాటికి అదీ లేదు.

ఫిరాయింపులను అడ్డుకోవడానికి 1985లో రాజ్యాంగాన్నే సవరించారు. రాజ్యాంగం తప్పన్న పని చేయించినవాడికి మనం బిరుదు తగిలిస్తున్నాం.

చాణక్యుడు అమాయకుడని వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆయన రాశాడనే రాజనీతి గ్రంథం అర్థశాస్త్రంలో 15 అధికరణాలు, అంటే భాగాలు ఉంటే, పదకొండోది మొత్తం సంఘాలను చీల్చడం గురించే. లిచ్ఛవులు, మల్లుల వంటివాళ్లు పదిమంది పెద్దలు కలిసి ఏలుకునే సంఘాలుగా ఉండేవారు. వాళ్లలోకి గూఢచారులను పంపి ఒకరి మీద ఒకరికి అనుమానం రగిలించాలని అందులో ఉంది. కాబట్టి మీ సబ్‌ఎడిటర్లకు ఆధారం బొత్తిగా లేదని అనలేను. కానీ ఆ అధికరణం చివరిదాకా చదవాలి. ఇలాంటి ఎత్తుల నుంచి సంఘాలు తమను తాము కాపాడుకోవాలని కూడా అక్కడే ఉంది. ఆ ఎత్తులకు ఆయన వాడిన మాట ‘అతిసంధానం’, అంటే మోసం. దానికి ఆయన పేరు పెట్టింది మనమే.

ఈ అర్థం మనకు ఎలా అలవాటైందో ఊహించడం కష్టం కాదు. చాలాకాలం ఆ పుస్తకమే ఎవరి చేతికీ అందలేదు. తంజావూరు ప్రాంతపు పండితుడొకరు ‘గ్రంథం’ అనే పాత దక్షిణాది లిపిలో ఉన్న తాళపత్రాలను మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఇస్తే, అక్కడి లైబ్రేరియన్ శామశాస్త్రి 1905లో అది అర్థశాస్త్రమని గుర్తించారు. మూలం 1909లో, ఇంగ్లీషు అనువాదం 1915లో అచ్చయ్యాయి. అప్పటిదాకా జనానికి తెలిసిన చాణక్యుడు ముద్రారాక్షసమనే సంస్కృత నాటకంలోని చాణక్యుడు, నీతిశ్లోకాల చాణక్యుడు. (అర్థశాస్త్రం రాసిన కౌటిల్యుడూ ఈయనా ఒకరేనా అన్న వాదన పండితుల్లో ఇంకా ఉంది.) నాటకంలో ఆయన ఉంగరంతో, దొంగ ఉత్తరంతో శత్రుపక్షపు మంత్రి రాక్షసుణ్ణి తన దారికి తెచ్చుకుంటాడు. తెచ్చుకుని మంత్రి పదవి అతనికే అప్పగించి తాను తప్పుకుంటాడు. ఈ చివరి ముక్క మాత్రం మన అపర చాణక్యులకు పట్టదు.

అర్థశాస్త్రంలో చాలా భాగం పన్నులు, తూనికలు, గనులు, పొలాలు, కోర్టు తగాదాలు. వీధిలో మట్టి పోస్తే పణంలో (అప్పటి నాణెం) ఎనిమిదో వంతు జరిమానా. బురద, నీళ్లు నిలిచి దారి మూసుకుపోయేలా చేస్తే పావు పణం. రాజమార్గం మీదైతే రెట్టింపు. వాన పడ్డ సాయంత్రం మా ఊరి అవుటర్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కున్నవాళ్లు ఈ లెక్కన ఎవరెవరు ఎంత కట్టాలో తీరిగ్గా గుణించుకోవచ్చు. ఖజానా సొమ్ము కాజేసే దారులు 40 అని విడివిడిగా రాశాడు. నీళ్లలో తిరిగే చేప ఎప్పుడు నీళ్లు తాగుతుందో తెలియనట్టే, డబ్బు పని చూసే ఉద్యోగి ఎప్పుడు తింటాడో తెలియదన్నదీ ఆయనే. ‘ప్రజాసుఖే సుఖం రాజ్ఞః’ (ప్రజల సుఖంలోనే రాజు సుఖం) అని సభల్లో చదవడానికి అందరూ ముందుంటారు, దాని సంగతి వదిలేయండి.

నేను కోరేది చిన్నదే. ఫిరాయింపును ఫిరాయింపనే రాయండి, బేరాన్ని బేరమనే రాయండి. ‘చాణక్యం’ అనే మాట మీద అంత ఇష్టముంటే, ఖజానా లెక్కల్లో తేడా పట్టుకున్న అధికారి వార్తకో, వానాకాలానికి ముందే రాజకాలువ (మా ఊరి వాననీటి కాలువ) పూడిక తీయించిన ఇంజినీరు వార్తకో దాచుకోండి. క్యాంపు వార్తలో మాత్రం ఎవరిని ఏ పదవి ఆశ చూపించి తెచ్చారు, రిసార్టు బిల్లు ఎవరు కడుతున్నారు అన్నవి ఉంటే మాలాంటివాళ్లకు చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు