శీనూకి, నువ్వు ఫోన్లో అన్న మాటకి జవాబు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "హిట్లర్ ఒక్కడు పుట్టకపోతే అరవై లక్షల మంది యూదులు బతికేవాళ్లు, అంతే కదా" అన్నావు చూడు, ఆ మాట నన్ను వదల్లేదురా. అంతేనా అని అడిగేలోపు లైన్ కట్ అయింది.

చరిత్రకారులు ఏళ్ల తరబడి వాదించుకున్నది దీని గురించే. 1918లో జర్మనీ ఓడినప్పుడే హిట్లర్ మనసులో యూదుల్ని తుడిచిపెట్టాలనే ఆలోచన పడింది, తర్వాతదంతా అదను కోసం కాచుకోవడమే అంటుంది చరిత్రకారిణి లూసీ డేవిడోవిచ్. 1939 జనవరి 30న పార్లమెంటులో వాడు యుద్ధం వస్తే యూరప్‌లో యూదుజాతి నాశనమవుతుందని బాహాటంగా అన్నాడు కాబట్టి నేనూ చాలాకాలం అదే నమ్మాను. కానీ 1940లో వాళ్లనందరినీ ఓడల్లో మడగాస్కర్ ద్వీపానికి తరలిద్దామని బెర్లిన్‌లో ఆఫీసర్లు సీరియస్‌గా పథకం రాశారు. చంపాలని ముందే తేలిపోయి ఉంటే ఆ కాగితాలన్నీ ఎందుకు? హాన్స్ మామ్‌సెన్, మార్టిన్ బ్రోషాట్ అనే చరిత్రకారులు అనేది ఇదే: ముందే గీసిన ప్లాన్ లేదు, తరలింపులు ఒక్కొక్కటే దెబ్బతింటుంటే, అధికారులు పోటీపడి ఒకరికంటే ఒకరు ఘోరమైన దారి వెతుక్కున్నారు అని.

నాకు నిద్ర పట్టకుండా చేసింది ఒక ఆఫీసు నోట్‌రా. 1941 జూలై 16న జర్మనీ ఆక్రమించిన పోలండ్‌లోని పోజ్నాన్ నుంచి హోప్నర్ అనే ఎస్‌ఎస్ (నాజీల సాయుధ దళం) అధికారి, బెర్లిన్‌లో యూదుల తరలింపులు చూసే ఐక్‌మన్‌కి రాశాడు. ఈ చలికాలం యూదులందరికీ తిండి పెట్టలేకపోవచ్చు, పని చేయలేనివాళ్లని త్వరగా పనిచేసే మందేదైనా పెట్టి చంపడమే ఆకలితో చావనివ్వడం కన్నా మానవత్వం ఉన్న పని కాదా అని! ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే రాసినట్టుంది కదా. అదే ప్రాంతంలో, హెల్మ్నోలో, డిసెంబర్ 8 నుంచి మనుషుల్ని ట్రక్కుల్లో కుక్కి ఆ ఇంజన్ పొగతోనే చంపడం మొదలైంది.

బెర్లిన్ శివార్లలో నాజీ అధికారులు యూదుల విషయం మీద పెట్టుకున్న వాన్‌సీ మీటింగ్‌లోనే అంతా నిర్ణయమైపోయిందని మనం చదువుకున్నాం. ఆ పదిహేను మంది కూర్చున్నది 1942 జనవరి 20న. కీవ్ పక్కన బాబీ యార్‌లో రెండు రోజుల్లో 33,771 మంది యూదుల్ని కాల్చేసింది అంతకు దాదాపు నాలుగు నెలల ముందే. హిట్లర్ సంతకమున్న ఆజ్ఞ దొరకలేదు నిజమే, కానీ దాన్ని పట్టుకుని అసలేమీ జరగలేదనేవాళ్లని నేను క్షమించలేను.

నాకు హిట్లర్ జీవితచరిత్ర రాసిన ఇయాన్ కెర్షా చెప్పిందే సబబనిపిస్తుంది. నాయకుడికి ఏది ఇష్టమో ఊహించి, అడక్కముందే అది చేసి పెట్టడం. హిట్లర్ లేకపోతే ఇది జరిగేది కాదు, అక్కడ నువ్వన్నది ఒప్పుకుంటాను. కానీ వాడొక్కడి వల్లా కాలేదు.

పోలండ్‌లో యూజెఫుఫ్ అనే ఊరుంది. 1942 జూలై 13న మేజర్ ట్రాప్ తన రిజర్వు పోలీసుల్ని నిలబెట్టి, పెద్ద వయసువాళ్లలో యూదుల్ని కాల్చే పని చేయలేమనేవాళ్లు పక్కకి రావచ్చన్నాడు. దాదాపు ఐదొందల మందిలో అప్పుడు పక్కకొచ్చింది ఓ డజను మంది, వాళ్లకి శిక్షేమీ పడలేదు. సాయంత్రానికి సుమారు 1,500 మంది యూదుల్ని చంపేశారు. తోటివాళ్ల ముందు పలచనవుతామనే భయం కూడా ఇందులో పెద్దదంటాడు ఈ పోలీసుల మీద పుస్తకం రాసిన చరిత్రకారుడు బ్రౌనింగ్. కాదు, జర్మన్ల ఒంట్లో పాతుకుపోయిన యూదు ద్వేషమే అంటాడు గోల్డ్‌హాగెన్ అనే ఇంకో రచయిత. నేను బ్రౌనింగ్ వైపేరా. నువ్వు గోల్డ్‌హాగెన్ వైపు ఉంటావని తెలుసు, అయినా ఎందుకో రాయి.

నీ
రఘు