కత్తులకన్నా కబుర్లకే చోటిచ్చిన కథ

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ యానిమే (బొమ్మల చిత్రాల) ధారావాహికల మీద ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసాంతం చదివాను. తెలుగు పత్రికల్లో ఈ విషయానికి ఒక పూర్తి పేజీ దక్కడమే అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసంలో ‘డాట్‌హ్యాక్ సైన్’ అనే ధారావాహికకు దక్కినవి రెండే వాక్యాలు. అది ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’ అనే మరొక యానిమేను చూసి తీసినదని ఒక వాక్యం, పాత్రలు కదలకుండా నిలబడి మాట్లాడుకోవడం తప్ప ఇరవై ఆరు భాగాలలో ఏమీ జరగని సాగదీత అని నవ్వుతూ మరొక వాక్యం. మొదటి మాట వాస్తవ విరుద్ధం. రెండవది అభిప్రాయమే కావచ్చు గాని, చివరిదాకా చూసినవారు అంత తేలిగ్గా అనగలిగే మాట కాదు.

‘డాట్‌హ్యాక్ సైన్’ 2002 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు టీవీ టోక్యోలో 26 భాగాలుగా ప్రసారమైంది. బీ ట్రైన్ స్టూడియో నిర్మించగా కోయిచి మషిమో దర్శకత్వం వహించారు. కజునోరి ఇతో రాశారు, యుకి కజియురా సంగీతం కూర్చారు. ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’ యానిమేగా తెర మీదికి వచ్చింది 2012లో. వేలమంది ఒకే ఊహాలోకంలో కలిసి ఆడే ఆటలకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ సైతం 2004 నవంబరులో గాని విడుదల కాలేదు. 2002 నాటికి మా హన్మకొండలో ఇంటర్నెట్ అంటే గంట లెక్కన డబ్బు తీసుకునే సెంటర్లు. మెయిలు తెరుచుకునేలోపే సగం సమయం కరిగిపోయేది. ఆ రోజుల్లో ఒక ఆన్‌లైన్ ఆట లోపల మనుషులు ఎలా బతుకుతారు, ఎందుకు వెళతారు, అక్కడ ఎవరిని వెతుక్కుంటారు అని ఆలోచించి అల్లిన కథ ఇది. పదేళ్ల తర్వాత తెరకెక్కినదాన్ని చూసి ముందే తీశారనడం ఎట్లా కుదురుతుంది?

ఇక కథలోకి వస్తాను. ఇందులోని ఆట పేరు ‘ది వరల్డ్’. ఆడేవారు కళ్లకు ఒక పరికరం తొడుక్కుని, చేతిలో కంట్రోలర్ పట్టుకుని ఆడతారు. కనుక వారికి అందేవి చూపు, వినికిడి మాత్రమే. త్సుకాసా అనే పాత్ర ఒక నేలమాళిగలో మేల్కొంటుంది. అక్కడికి ఎట్లా వచ్చిందీ గుర్తుండదు, ఆటలోంచి బయటికి వెళ్లడం సాధ్యం కాదు. పైగా ఆటలో ఉండకూడని వాసన, స్పర్శ త్సుకాసాకు తెలుస్తుంటాయి. మామూలుగా అయితే ఇక్కడినుంచి కథ పరుగందుకోవాలి. ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’లో అదే జరుగుతుంది. పది వేలమందిని ఆటలో బంధించి, వంద అంతస్తులు గెలిస్తేనే విడుదలని, లోపల చస్తే నిజంగానే చస్తారని మొదటి భాగంలోనే చెప్పేస్తారు. ఇక్కడ అటువంటి షరతు ఏదీ లేదు. బయటికి పోవడం ఎట్లా అన్నదానికన్నా, పోవాలని త్సుకాసాకు ఉందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. బయటి జీవితం అప్పుడప్పుడు రంగు వెలిసిన బొమ్మలాగా, మాట వినబడకుండా కనిపిస్తుంది. ఆ ఇంట్లో తండ్రి పెట్టిన బాధ ఎటువంటిదో మెల్లమెల్లగా మనకు అర్థమవుతుంది. అటువంటి ఇంటికి తిరిగి వెళ్లమని ఏ ముఖంతో చెప్పగలం అని నాబోటి విశ్రాంత ఉపాధ్యాయురాలికి తట్టకుండా ఉంటుందా?

త్సుకాసా చుట్టూ చేరేవారంతా మాట్లాడేవారే. నేలమాళిగలో మొదట ఎదురుపడిన మిమిరు పలకరిస్తే త్సుకాసా ముఖం తిప్పుకుని పోతుంది. అయినా ఆ అమ్మాయి వదిలిపెట్టదు. బేర్ అనే పెద్దమనిషి బయట కొడుకుకు దూరమైన నడివయసు రచయిత. ఈ పిల్లకు తండ్రిలాగా అండగా నిలవాలని అతని ఆరాటం, కాని ఆ మాట నోటినుంచి ఒక పట్టాన రాదు. వచ్చినా తప్పు సమయంలో వస్తుంది. కనబడినవారినల్లా చంపుతూ వినోదించే సోరా నిజానికి బడికి పోయే చిన్న పిల్లవాడు. ఆటలో శాంతిభద్రతలు తమవేనని భావించే క్రిమ్సన్ నైట్స్ దళానికి నాయకురాలైన సుబారు బయట చక్రాల కుర్చీలో జీవిస్తున్న మనిషి. కాలువలు, రాతి వంతెనలు గల ‘మాక్ అను’ అనే పట్టణంలో వీరు నిలబడి గంటల తరబడి మాట్లాడుకుంటారు. కదలకుండా నిలబడ్డారని మీ వ్యాసకర్త నవ్వారు. ఆన్‌లైన్ ఆటలో మాటల్లో పడ్డవారి పాత్రలు నిజంగానే అట్లా నిలబడిపోతాయి. ఆ పాటి గమనింపు ఆ నవ్వులో కనిపించలేదు.

ఈ నెమ్మది ఊరికే వచ్చినది కాదని నేను అనడానికి మరొక ఆధారం ఉంది. ధారావాహిక ప్రసారమవుతున్న 2002 జూన్‌లో జపాన్‌లో బందాయ్ సంస్థ ఇదే లోకం మీద ప్లేస్టేషన్ 2 అనే ఆటల యంత్రం కోసం వీడియో ఆటల వరుసను మొదలుపెట్టింది. మొత్తం నాలుగు ఆటలు వచ్చాయి. ఒక్కొక్క ఆటతో పాటు ‘లిమినాలిటీ’ అనే యానిమే భాగం ఒక డిస్కులో లభించింది, దాని కథంతా ఆటకు వెలుపల, నిజ జీవితంలో నడుస్తుంది. అంటే యుద్ధాలు ఆడేవారి చేతికి, బయటి లోకపు పరిశోధన ఆ డిస్కుకు పోగా, టీవీకి మిగిలింది లోపలి మనుషుల మాటలు. ఈ పంపకం తెలిసి చూస్తే, ధారావాహిక తన పని తాను చేసిందనే అనిపిస్తుంది. ఒగ్గుకథ విన్నవారికి ఈ తీరు కొత్త కూడా కాదు. మల్లన్న కథ అందరికీ తెలిసినదే. అయినా కథకుడు మధ్యలో ఆగి, పక్కవాద్యం వారితో సరసమాడి, ఒక్క మాట మీదనే రాత్రి చాలాసేపు గడిపినా కథ కదలడం లేదని మా వైపు ఎవరూ లేచిపోరు.

లోపాలు లేవని నేను అనడం లేదు. నడిమి భాగాలలో ఒకరికి తెలిసిన సంగతినే మరొకరికి మళ్లీ వివరించే సన్నివేశాలు ఎక్కువైనాయి. ఆటలో ఎక్కడో దాగి ఉందని చెప్పుకునే ‘సంధ్య తాళంచెవి’ కోసం సాగే వెతుకులాట తిరిగిన చోటే తిరుగుతుంది. చివరికి కొన్ని ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు ఆటలకు వదిలేశారు, ఆ ఆటలు కొనలేని ప్రేక్షకునికి అది అన్యాయమే. మీ వ్యాసకర్త వీటిని పట్టుకుని విమర్శించి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఇంతగా పట్టించుకోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. ఇంటర్ చదువుతున్న మా మనుమడు సెలవు రోజుల్లో స్నేహితులతో ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడతాడు. వారిలో ఒకడు ములుగు వైపు ఉంటాడు, ఇంకొకడు మహబూబాబాద్‌లో. మ్యాచ్ అయిపోతుంది, తుపాకుల మోత ఆగిపోతుంది, కాని పిల్లలు లాబీలోంచి, అంటే మ్యాచ్‌కు ముందూ వెనకా అందరూ చేరే చోటునుంచి, కదలరు. మైకులు తెరిచే ఉంటాయి. హాస్టల్ మెస్‌లో పప్పు నీళ్లలాగా ఉందని ఒకడు, ఫిజిక్స్ సారు తిట్టిండని ఒకడు. ఒకసారి నేను చాయ్ ఇవ్వడానికి పోతే ఫోన్‌లోంచి ఒక గొంతు, ‘‘ఇంకొంచెం సేపు ఉండురా, ఇంట్ల ఎవ్వరు లేరు’’ అనడం విన్నాను. మా మనుమడు మారు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ పిల్లవాడికి కావలసింది ఇంకొక మ్యాచ్ కాదు కదా! ఈ సంగతిని 2002లోనే పట్టుకున్న కథను సాగదీత అంటే నాకు కష్టంగా తోచింది.

మరొక విషయం కూడా మీ దృష్టికి తేవాలి. వ్యాసం చివరి పేరాలో ఇటువంటి ధారావాహికలు చూసే పిల్లలు ఆన్‌లైన్ రమ్మీ వంటి వ్యసనాల బారిన పడతారని హెచ్చరించారు. పేకాటలో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాల బాధను నేను తక్కువ చేయడం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా వాటిని నిషేధిస్తూనే పోటీలుగా నడిచే ఈ-స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను వేరుగా చూసింది. చట్టమే పాటించిన ఈ తేడాను పత్రిక చెరిపేస్తే, తల్లిదండ్రులు పిల్లవాడి చేతిలో ఫోన్ కనబడగానే అన్నింటినీ ఒకే గాట కట్టి లాక్కుంటారు. ఆ లాబీలో అవతల ఎవరున్నారో, ఏమి మాట్లాడుకుంటున్నారో అడిగేవారు ఉండరు.

కాబట్టి నా మనవి రెండు విషయాలకే పరిమితం. ‘డాట్‌హ్యాక్ సైన్’ ఏ సంవత్సరంలో వచ్చిందో తెలుపుతూ, అనుకరణ అన్న మాటకు సవరణ ప్రచురించండి. తర్వాత ఎప్పుడైనా మీ అనుబంధంలో చోటు దొరికితే, దాన్ని 26 భాగాలూ చూసినవారి చేత ఒక సమీక్ష రాయించండి. వారికి నచ్చకపోయినా సరే, ఎందుకు నచ్చలేదో బేర్ పేరు, సుబారు పేరు ఎత్తి రాస్తే నేను సంతోషంగా చదువుతాను. అవసరమైతే మళ్లీ ఉత్తరం రాసి వాదిస్తాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హన్మకొండ.