పొగ రాత్రి వదులుతారు, ఉపగ్రహం మధ్యాహ్నం చూస్తుంది

ఎడిటర్ గారికి,

ఫ్యాక్టరీల పొగని ఇకమీదట ఏఐ పట్టేస్తుందని ఈమధ్య ఎక్కడ చూసినా రాస్తున్నారు. సంతోషమే. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో, అంటే కొలిచే మీటర్ల పనిలో, ఉండి రిటైరైనవాణ్ణి, మిషన్లంటే నాకేం కోపం లేదు. కాకపోతే గాజువాకలో రాత్రి కడిగిన మా డాబా మీద పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లు నల్లబడతాయి, ఆ సంగతి పైనుంచి చూసే ఏఐకి ఎలా తెలుస్తుందన్నదే నా అనుమానం.

అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ తదితరులు 2020లో మొదలుపెట్టిన క్లైమేట్ ట్రేస్ అనే కూటమి సంగతే తీసుకోండి. కరెంటు ప్లాంటు కూలింగ్ టవర్ మీద లేచే ఆవిరిని ఉపగ్రహ ఫొటోల్లో చూసి, ప్లాంటు నడుస్తోందా లేదా పోల్చుకుని, దాన్నిబట్టి కార్బన్ డయాక్సైడ్ ఎంత వదిలిందో అంచనా కడతారు. చిమ్నీల్లో మీటర్లున్న అమెరికా, యూరప్ ప్లాంట్ల లెక్కలతో వాళ్ల ఏఐకి ముందు పాఠం చెప్పారు. (పరవాడ వైపు వెళ్లేవాళ్లు సింహాద్రి కరెంటు ప్లాంటు టవర్ల మీద తెల్లగా లేచేది చూసి అమ్మో ఎంత పొగో అంటారు గానీ అది ఉత్త ఆవిరే, అసలు పొగ పోయేది పక్కనున్న సన్నటి చిమ్నీలోంచి.) తెలివైన పనే, కాదనను.

చిక్కల్లా టైంతోనే. గాలిలో వాయువుల్ని కొలిచే సెంటినెల్-5పి ఉపగ్రహం మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, అదీ సూర్యుడి వెలుగు ఉంటేనే పని. పొలాల్లో మంటల్ని లెక్కపెట్టే ఉపగ్రహాల్లో ముఖ్యమైనవి పగలు వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. అవి దాటిపోయాక, సాయంత్రం పూట పంజాబ్‌లో గడ్డి తగలబెడుతున్నారని 2024లో శాస్త్రవేత్తలే చెప్పారు. రైతుకి తెలిసిన ఆ టైం, ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇంజినీరుకి తెలియదా? వెంకటాపురంలో 12 మంది ప్రాణాలు తీసిన స్టైరిన్ అనే విషవాయువు లీకైంది కూడా 2020 మే 7న తెల్లవారకముందే.

రాత్రీ పగలూ చూసే కన్ను మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. బాగా కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు చిమ్నీకి ఆన్‌లైన్ మీటర్ పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. ఏఐని కూర్చోబెట్టాల్సింది అక్కడ. మాకు దగ్గర్లో ఒక ఫ్యాక్టరీ గేటు బయట డిజిటల్ బోర్డు ఉంది, వరుసగా మూడు రోజులు వెళ్లి చూశాను, మూడు రోజులూ 41 అనే ఉంది. నడుస్తున్న చిమ్నీ రీడింగ్ అలా ఉండదండీ, నిమిషానికోలా ఊగుతూనే ఉంటుంది. కదలని అంకె, సరిగ్గా అర్ధరాత్రే వచ్చే "కాలిబ్రేషన్" (మీటరు సరిచూసుకోవడం), అటునుంచి గాలి వీచినప్పుడల్లా పక్కనున్న గాలి నాణ్యత కొలిచే స్టేషన్‌లో పెరిగే దుమ్ము, ఈ మూడూ కలిపి చూస్తే దొంగ మీటరు దొరికిపోతుంది. మనిషి అన్ని చిమ్నీల అంకెలు కూర్చుని చూడలేడు, ఏఐ చూడగలదు.

అలా పట్టుకున్నవి కూడా ఆఫీసు కంప్యూటర్లోనే ఉండిపోతే మాకు ఒరిగేదేముంది? ఏ చిమ్నీ రాత్రి ఎంత వదిలిందో, ఏఐ ఎక్కడ అనుమానపడిందో చుట్టుపక్కల జనానికి ఫోన్లో కనపడాలి. అలర్ట్ వస్తే రాత్రి రెండింటికి బండి వేసుకుని గేటు దగ్గరికి వచ్చే అధికారి ఎవరో, ఆయన ఫోన్ నంబరేమిటో కూడా ఆ బోర్డు మీదే రాయమనండి.

— ఒక రిటైర్డ్ టెక్నీషియన్, గాజువాక, విశాఖపట్నం