బోస్టన్‌లో ఐదుగురికి ఒక్క గది

ఒరేయ్ శీనూ,

నీ మెయిల్‌కి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు, ఏమీ అనుకోకు. అమ్మ ఇక్కడే ఉంది, మోకాలి నొప్పి తప్ప బాగానే ఉంది. ఉద్యోగాలు నడుస్తున్నాయి, పాప డాన్సు క్లాసులు నడుస్తున్నాయి. మిగతావన్నీ ఫోన్లో. ఇప్పుడు పనులన్నీ పక్కన పెట్టి రాస్తున్నది బోస్టన్ గురించి. వచ్చే ఏడాది మీ అమ్మాయిని తీసుకుని కాలేజీలు చూడటానికి నువ్వూ బయల్దేరాలి కదా, నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

మావాడు ఎం.ఐ.టి., టఫ్ట్స్, నార్త్‌ఈస్టర్న్ కాలేజీలు చూడాలన్నాడు. ఏప్రిల్లో సెలవులున్నాయి, శుక్రవారం వెళ్లి సోమవారం వచ్చేద్దామని గదులు వెతకడం మొదలుపెట్టాను. ఊరి మధ్యలో మామూలు హోటల్, రాత్రికి 480 డాలర్లురా! దాని మీద పన్ను. రాష్ట్రానికి 5.7, నగరానికి 6.5, కన్వెన్షన్ సెంటర్ పేరుతో ఇంకో 2.75, వెరసి ఇంచుమించు 15 శాతం. కారు పెట్టుకోవడానికి రాత్రికి 50 పైమాటే. పైగా మేం ఐదుగురం. రెండు క్వీన్ మంచాలున్న గదికి సాధారణంగా నలుగురే లెక్క. ఐదు అని కొట్టగానే ఆ సైట్లన్నీ రెండు గదులు చూపించేవి. మూడు రాత్రులకి కూడితే మూడు వేలు దాటింది. కాలేజీ ఫీజు ఇంకా మొదలే కాలేదు, చూడటానికే మూడు వేలా?

ఇంత రేటు ఎందుకా అని చూస్తే తెలిసింది, బోస్టన్ మారథాన్. ఏప్రిల్లో మూడో సోమవారం, పేట్రియట్స్ డే నాడు పెడతారు. పరిగెత్తేవాళ్లే సుమారు 30,000 మంది, వాళ్లతో వచ్చే వాళ్లు వేరే. ఆ రోజు రాష్ట్రమంతా సెలవు కూడాను. నువ్వు క్యాలెండర్లో ముందు ఆ సోమవారానికి ఎర్ర సున్నా చుట్టు. మే నెలలో గ్రాడ్యుయేషన్లు, ఆగస్టు ఆఖర్లో పిల్లల్ని దింపడానికొచ్చే తల్లిదండ్రులు, అక్టోబర్లో చార్లెస్ నది మీద పడవ పందేలు, అప్పుడూ ఇదే గోల. మేం ప్రయాణాన్ని మారథాన్ కంటే ముందుకి జరిపి సోమవారం నుంచి గురువారం వరకు పెట్టుకున్నాం. ముందు కాలేజీ టూర్లకి పేర్లు నమోదు చేసి, ఆ తర్వాతే గది. టూర్లు ఉచితమే, కానీ సీట్లు తొందరగా నిండిపోతాయి.

ఇక అసలు సంగతి. తేదీలు మార్చాక కూడా ఐదుగురి చిక్కు అలాగే ఉంది. రోజూ రాత్రి అందరూ పడుకున్నాక ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం, ఒక హోటల్ పేరు పక్కన "సబ్‌వేకి దగ్గర" అని చూసి సంబరపడటం, మ్యాప్ తెరిచి చూస్తే మధ్యలో హైవే అడ్డం ఉండటం. గీత గీస్తే అర మైలు, నడిచి వెళ్లడానికి దారే లేదు. అమ్మ మోకాళ్లతో అది కుదిరే పని కాదు. హోటల్ పేరులో బోస్టన్ అని ఉంటే సరిపోదురా, స్టేషన్ దాకా నడిచే దారి నీ కళ్లతో మ్యాప్ ఫోటోల్లో చూసుకో.

నాలుగు రోజులు నా అవస్థ చూసి మీ చెల్లెలు ఒక మధ్యాహ్నం ఫోన్ అందుకుంది. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి కాదు, నేరుగా ఒక హోటల్ ఫ్రంట్ డెస్క్‌కి. మధ్యాహ్నమే ఎందుకంటే పొద్దున ఖాళీ చేసేవాళ్లు, సాయంత్రం దిగేవాళ్లు, అప్పుడైతే వాళ్లకి మాట్లాడే తీరిక ఉండదంది. "మా అబ్బాయికి కాలేజీలు చూపించడానికి వస్తున్నాం. అలాంటి కుటుంబాలకి మీ దగ్గర ప్రత్యేకం రేటు ఏదైనా ఉందా?" అని అడిగింది. అంతే. బేరం లేదు, బతిమాలడం లేదు. అవతల ఎవరో పెద్దావిడ. "ఏయే కాలేజీలమ్మా?" అంది. ఈవిడ చెప్పింది. ఆవిడ కూతురు కూడా కాలేజీలోనే ఉందట, ఆ కబుర్లు పది నిమిషాలు. నేను పక్కన నిలబడి చేతులు పిసుక్కుంటున్నాను, రేటు అడగమని సైగలు చేస్తున్నాను. మీ చెల్లెలు నా వైపు చూడనైనా లేదు.

చివరికి ఏం తేలిందంటే, రెండు మంచాలు, హాల్లో సోఫా బెడ్, చిన్న వంటిల్లు ఉన్న సూట్, ఆరుగురి దాకా పడుకోవచ్చు. రాత్రికి 189. పొద్దున టిఫిన్ అందులోనే, పార్కింగ్ ఉచితం, రెండు రోజుల ముందు దాకా రద్దు చేసుకోవచ్చు. ఆ సూట్ నాకు ఏ సైట్లోనూ కనబడలేదు! ఫోన్ పెట్టేశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజం చెప్తున్నా, మీ చెల్లెలి మీద ఎంత గర్వంగా అనిపించిందో. చాలా కాలేజీల అడ్మిషన్స్ పేజీల్లో కూడా విజిటర్ల కోసం రాయితీ ఇచ్చే హోటళ్ల జాబితా ఉంటుంది, నువ్వు అక్కడినుంచే మొదలుపెట్టు. రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకో, తర్వాత రేటు తగ్గితే మార్చుకోవచ్చు.

హోటల్ ఊరి శివార్లలో బ్రెయిన్‌ట్రీ వైపు, రెడ్ లైన్ అనే సబ్‌వే లైనుకి ఒక కొసన చివరి స్టేషన్ అది. స్టేషన్ గ్యారేజీలో కారు పెట్టేసి రైలెక్కడమే. మనిషికి 2.40 డాలర్లు, పదకొండేళ్ల దాకా పిల్లలకి టికెట్ లేదు కాబట్టి పాప ఫ్రీ. ఆ ఒక్క లైను మీదే కెండల్ స్టేషన్‌లో ఎం.ఐ.టి., తర్వాత హార్వర్డ్, ఆ తర్వాత డేవిస్ దగ్గర టఫ్ట్స్. నార్త్‌ఈస్టర్న్‌కి మాత్రం పార్క్ స్ట్రీట్‌లో దిగి గ్రీన్ లైన్‌లో 'E' అని రాసున్న బండి ఎక్కాలి. నువ్వు డాలస్ నుంచి విమానంలో దిగుతావు కదా, లోగన్ విమానాశ్రయం నుంచి సౌత్ స్టేషన్ దాకా సిల్వర్ లైన్ బస్సు ఉచితం, అక్కడ రెడ్ లైన్ దొరుకుతుంది. స్టేషన్‌కి నడిచి వెళ్లే హోటల్ దొరికితే కారు అద్దెకి తీసుకోకు.

ఒరేయ్, రైలు సొరంగంలోంచి బయటికొచ్చి లాంగ్‌ఫెలో వంతెన ఎక్కిందా, కింద నది కనబడగానే అమ్మ చెయ్యి చటుక్కున పర్సులోకి పోయింది. చిల్లర కోసం! నాణెం చేతిలో పట్టుకుని కిటికీ తెరుద్దామని చూస్తోంది. పాప "నానమ్మా, ఏం చేస్తున్నావ్?" అంటే, "నదికి వెయ్యాలమ్మా, అన్నయ్య చదువు కోసం" అంది. ఆ కిటికీలు తెరుచుకోవు. ఆ నాణేన్ని అలాగే గుప్పిట్లో పట్టుకుని కళ్లు మూసుకుంది. మావాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి నానమ్మ పక్కకొచ్చి నిలబడ్డాడు. నాకు గోదావరి మీద కొవ్వూరు వంతెన గుర్తొచ్చింది, ఎంసెట్ కౌన్సెలింగ్‌కి మనిద్దరం, మన నాన్నలిద్దరూ బయల్దేరిన రాత్రి. హైదరాబాద్‌లో ఆ నాంపల్లి లాడ్జి, ఆ గది, అన్నీ. మంచాలు మనకిచ్చేసి వాళ్లిద్దరూ నేల మీద దుప్పటి పరుచుకున్నారు. ఆ గదికి ఎంత కట్టారో మనం ఎప్పుడైనా అడిగామా? మీ నాన్నగారు ఉండుంటే...

సరేలే. సాయంత్రాలు మాత్రం హాయిగా గడిచాయి. చిన్న కుక్కర్ తీసుకెళ్లాం. గదిలో పొయ్యి, గిన్నెలు, ఫ్రిజ్ అన్నీ ఉన్నాయి. తిరిగి తిరిగి కాళ్లు పీకుతూ వచ్చి వేడి వేడి చారన్నం తింటుంటే పిల్లలు కూడా మాట్లాడలేదు. ఒక్క జాగ్రత్త, తిరగమోతకి ముందే పొయ్యి పైన ఫ్యాను వేసేయ్, పొగ అలారం పక్కనే ఉంటుంది. సూట్ దొరికితే పెరుగు డబ్బా ఒకటి కొనుక్కుని పో, ఇక బయట తిండి ఖర్చే ఉండదు.

ఆఖరి రాత్రి మావాడు సోఫా మీద పడుకుని ఏమన్నాడో తెలుసా, మూడింట్లో తనకి నచ్చింది మేం అనుకున్నది కాదుట! ఎందుకో అది పెద్ద కథ, వాడు చెప్పిన కారణం విన్నాక నేను, మీ చెల్లెలు చాలాసేపు... అమ్మ పిలుస్తోంది, ఫిజియోథెరపీకి టైమయింది. టూర్ తేదీ ఖాయం కాగానే నాకు చెప్పు, ఆ పెద్దావిడ ఉన్న హోటల్ నంబరు పంపిస్తాను. చెల్లెమ్మనీ, మీ అమ్మాయినీ అడిగానని చెప్పు.

ఉంటాను, కారు హారన్ కొడుతున్నారు.

నీ
బాబ్జీ