ఇల్లు చూసే ముందు ఊరి నీళ్లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

నగరంలో అద్దెలు మోయలేక, పక్కనే పెరుగుతున్న చిన్న పట్టణానికి మారిపోదామనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఆలోచనలో తప్పు లేదు, లోపమంతా ఇల్లు చూసి వచ్చే తీరులోనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద అరగంటలో చేరుకుంటారు, కొత్త రంగు వేసిన గోడలు చూస్తారు, బయానా ఇచ్చేస్తారు. కుళాయి ఏ వేళకు వస్తుంది, ఎంతసేపు వస్తుంది అని ఆ పూట అడిగేవాళ్లు తక్కువ. పట్టణ నీటి సరఫరా, మురుగు పారుదల పనులు తెలిసినవాళ్లుగా మేం చెప్పేది ఒకటే. ఇంట్లో లోపం ఉంటే బాగు చేయించుకోవచ్చు. వీధి కింద పైపులో లోపం ఉంటే ఒక్క ఇంటివాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి ముందు చూడాల్సింది దాన్నే.

పెరిగే ఊళ్లో ఇళ్లు ముందు లేస్తాయి, పైపులు తర్వాత వస్తాయి. ఎప్పుడో కొద్దిమంది కోసం వేసిన లైను చివరకే కొత్త కాలనీలను కలుపుకుంటూ పోతారు. పొడవు పెరిగేకొద్దీ పైపులో రాపిడికి ఒత్తిడి పడిపోతుంది. మధ్యలో ఇళ్లవాళ్లు లైనుకే మోటార్లు తగిలించి లాగితే చివరి వీధికి చుక్క మిగలదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. అలా లాగినప్పుడు పైపులో ఒత్తిడి బయటికన్నా తగ్గిపోతుంది. జాయింట్ల దగ్గర చిన్న చీలిక ఉన్నా చాలు, పక్కన నిలిచిన మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. నీళ్లు వదలగానే మొదటి కొద్ది నిమిషాలు వాసన వస్తోందంటే అనుమానించాల్సింది దీన్నే.

అందుకే నీళ్లు వదిలే వేళకే వెళ్లండి. మోటారు ఆపించి, కుళాయి కింద 20 లీటర్ల బకెట్ పెట్టి, ఎంతసేపటికి నిండిందో ఫోనులో చూసుకోండి. 2 నిమిషాలు పట్టిందంటే నిమిషానికి 10 లీటర్లు, గంటసేపు వదిలితే 600. నలుగురున్న ఇంటికి వంట, స్నానాలు, బట్టలు, మరుగుదొడ్డి అన్నీ కలిపి రోజుకు 500 లీటర్లు తేలిగ్గా అవుతాయి. రోజూ వస్తే ఇబ్బంది లేదు. రోజు విడిచి రోజు వస్తే మాత్రం రెండు రోజులకు 400 లీటర్ల లోటు, అది బోరు నుంచో ట్యాంకరు నుంచో రావాలి. ఒక విడత తప్పిందంటే నాలుగు రోజులు నెట్టుకురావాలి కాబట్టి సంపు కనీసం 2,000 లీటర్లు పట్టాలి. సంపు మూత తీయించి చూడండి. మూత అంచు నేల మట్టం కంటే కిందికి ఉంటే తొలి వానకే వీధి నీళ్లు అందులోకి దిగుతాయి.

బోరు నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మేయకండి. ఒక తెల్ల బకెట్ నింపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకు అడుగున తుప్పు రంగు మడ్డి చేరితే నీళ్లలో ఇనుము ఉన్నట్టు. బోరు నుంచి వచ్చేటప్పుడు కరిగి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు, గాలి తగిలాకే మడ్డిగా మారుతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్ అలా కూడా బయటపడవు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనాగా చెబుతుందే తప్ప, అందులో ఏది ఎంతో విడదీసి చెప్పలేదు. ప్రయోగశాలకు పంపించాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరులో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు. కాస్తే పోతాయనుకోవడం పొరపాటు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇవి ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో సీసా పాలు కలిపితే పసిబిడ్డ రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోవచ్చు. నెలల పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్ష వాయిదా వేయకూడదు.

ఆ నైట్రేట్ ఎక్కడిదంటే, పొలాల ఎరువుతో పాటు సెప్టిక్ ట్యాంకుల నుంచి కూడా. భూగర్భ డ్రైనేజీ లేని చోట ఇంటింటికీ ఒక ట్యాంకు, దాని నీరు నేలలోకి దిగడానికి ఒక ఇంకుడు గుంత ఉంటాయి. ఇళ్లు దూరదూరంగా ఉన్నంతకాలం నేల ఆ మురుగును వడకట్టుకుంటుంది, గోడకు గోడ ఆనుకున్నాక దానికా శక్తి చాలదు. మీ బోరుకూ మీ ఇంకుడు గుంతకూ మధ్య 15 మీటర్లైనా ఉందా అని చూసి ఊరుకోకండి, పక్కింటివాళ్లది ఎక్కడుందో కూడా అడగండి. ట్యాంకులో మూడో వంతు మడ్డి చేరేలోపు తీయించాలి. తీయించకపోతే అది గుంతలోకి పోయి మట్టి రంధ్రాలను మూసేస్తుంది, ఆ తర్వాత గుంత ఇంకదు, మరుగుదొడ్డి వెనక్కి తన్నుతుంది. మడ్డి తోడే లారీ ఆ సందులోకి రాగలదో లేదో ముందే చూసుకోవాలి.

వాన నీటి సంగతి గోడలే చెబుతాయి. వీధిలో పాత ఇళ్ల ప్రహరీల మీద, కరెంటు స్తంభాల మొదట్లో అడ్డంగా ఒకే ఎత్తున మట్టి చార ఉంటే నీళ్లు అంతవరకూ నిలుస్తున్నట్టే. కొత్తగా రంగు వేసిన ఇంటి మీద ఆ చార కనిపించదు, అందుకే పక్క ఇళ్లు చూడమంటున్నాం. 200 చదరపు మీటర్ల స్థలం మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు. మట్టి నేలైతే కొంత తాగుతుంది. డాబా, సిమెంటు గచ్చు అయితే దాదాపు అన్నీ వీధిలోకే వస్తాయి. రోడ్డును తవ్వకుండా పొర మీద పొర వేస్తూ పోతారు కాబట్టి ఇప్పుడు రోడ్డుతో సమానంగా ఉన్న గడప కొన్నేళ్లకు పల్లమవుతుంది. గడప రోడ్డు కంటే ఎంత ఎత్తుందో టేపు పెట్టి కొలవండి.

ప్రయాణం గురించి ప్రకటనల్లో రాసే ‘20 నిమిషాలు’ ఏ రోజు, ఏ వేళకు కొలిచారో ఎవరూ చెప్పరు. సోమవారం పొద్దున, ఉద్యోగానికి బయల్దేరాల్సిన వేళకే ఒకసారి వెళ్లి రండి, వాన రోజు ఇంకోసారి. గంట పోను, గంట రాను పడితే 240 పనిరోజులకు 480 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిరోజులు 60. ఇద్దరూ నగరానికే వెళ్లాల్సి వస్తే రెండో బండి ఖర్చును అద్దెలో మిగిలిన దానిలోంచి తీసేసి చూసుకోండి. రాత్రి చివరి బస్సు ఎన్నింటికో బస్టాండులో కనుక్కోండి. రోడ్డు వెడల్పు చేస్తారన్న ఆశతో లెక్క వేయకండి. వెడల్పైన రోడ్డు ఇంకొన్ని కాలనీలను తెస్తుంది, వాటి బండ్లతో మళ్లీ నిండుతుంది.

కరెంటును రాత్రి 7, 9 గంటల మధ్య చూడాలి. 230 వోల్టులు రావాల్సిన చోట 207 కంటే తగ్గుతుంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇళ్లు ఎక్కువయ్యాయనో, లైను మరీ పొడుగైందనో అర్థం. తక్కువ వోల్టేజీలో మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, లోపలి తీగచుట్ట కాలిపోతుంది. బడి విషయంలో మీ పిల్లలు చేరే తరగతి ఉంటే చాలదు, పై తరగతులు ఇప్పటికే నడుస్తున్నాయో లేదో చూడండి. ఆసుపత్రి విషయంలో రాత్రిపూట సీటీ స్కాన్ తీసేది ఎంత దూరంలో ఉందో తెలుసుకోండి. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్ తీశాకే.

ఇవన్నీ చూసుకున్నా, వీలైతే మొదటి ఏడాది అద్దెకే ఉండండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిస్తే గానీ ఆ వీధి అర్థం కాదు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆస్తుల పేజీల్లో చదరపు గజం ధర పక్కన ఆ ప్రాంతానికి నీళ్లు ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వదులుతున్నారో కూడా వేయండి. కొత్త ఇళ్లకు అనుమతి ఇచ్చే పురపాలికలు కూడా రోజూ ఎన్ని లీటర్లు పంపు చేస్తున్నాయో, అది ఎన్ని కనెక్షన్లకు పంచుతున్నాయో ఏడాదికోసారి ప్రకటించాలి. ఏ పూట ఎన్ని గంటలు పంపు నడిచిందో రాసే లాగ్‌బుక్కు పంపింగ్ కేంద్రంలో ఉంటుంది. మీ విలేకరులు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
నీటి సరఫరా, మురుగు పారుదల పనుల్లో ఉన్న కొందరు ఇంజనీర్లు