అమ్మా, మాత్ర వేసుకుంటాలే అనకు

అమ్మా,

ఫోన్‌లో చెప్పబోతే నువ్వు మధ్యలోనే ఆపేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదువు. నాన్నకు కూడా చదివి వినిపించు.

పోయిన ఆదివారం పాప నీతో పిల్లిని పెంచుకోవాలని ఉందని చెప్పినప్పుడు నువ్వన్న మాట అప్పటినుంచీ నా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. "తెచ్చుకోండే, నా కోసం పిల్ల ఆశ ఎందుకు చంపడం? వచ్చినప్పుడు ఓ మాత్ర వేసుకుంటాలే" అన్నావు. పాప ఎగిరి గంతేసింది. నేను ఏమీ అనలేకపోయాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

పోయినసారి నువ్వు వచ్చినప్పుడు నా స్నేహితురాలి ఇంటికి వెళ్లాం, గుర్తుందా? వాళ్లకు పిల్లి ఉందని నాకు తెలుసు. దాని వల్ల నీకు ఇబ్బంది వస్తుందని మాత్రం తట్టలేదు. పైగా అది మన ముందుకే రాలేదు, పై గదిలో పడుకుని ఉంది. నువ్వు కూర్చున్న సోఫాయే దాని రోజువారీ పడక అని తర్వాత తెలిసింది. ఇరవై నిమిషాలైనా కాకముందే కొంగుతో కళ్లు నులుముకోవడం మొదలుపెట్టావు. తుమ్ముల మీద తుమ్ములు. అడిగితే దుమ్ము అన్నావు. ఇంటికొచ్చాక సర్దుకుందనే అనుకున్నాను.

రాత్రి రెండింటప్పుడు మంచినీళ్ల కోసం లేచాను. నీ గది తలుపు సందులోంచి చప్పుడు వినిపించింది. లోపలికి వచ్చి చూస్తే దీపం కూడా వేసుకోకుండా మంచం అంచున కూర్చుని ఉన్నావు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, భుజాలు పైకి లాగిపెట్టి. ఊపిరి వదిలిన ప్రతిసారీ సన్నగా, సాగదీసినట్టు ఒక కూత. మనవాళ్లు ఛాతీలో పిల్లికూతలు అనే మాట చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను గానీ, దానికి ఆ పేరెందుకు పెట్టారో ఆ చీకట్లో తెలిసింది.

ఇన్‌హేలర్ ఎన్నిసార్లు పీల్చావంటే ఒక్కసారే అన్నావు. దాని వెనక చిన్న కిటికీలో అంకె ఉంటుంది చూడు, మిగిలిన పఫ్‌లు ఎన్నో చెప్పేది. సాయంత్రం నీ సంచి సర్దుతున్నప్పుడు అది 142. అప్పుడు చూస్తే 134. నాలుగు విడతలుగా ఎనిమిది పఫ్‌లు పీల్చావు, అదీ పక్క గదిలో ఉన్న నన్ను లేపకుండా. నీ మీద కోపంతో ఇది రాయడం లేదమ్మా. నువ్వు ఎంత దాచగలవో నాకు తెలుసు కాబట్టే "మాత్ర వేసుకుంటాలే" అన్న మాట విని భయపడ్డాను.

చిన్నప్పుడు మన పెరట్లోకి ఒక చారల పిల్లి వచ్చేది. అది గుమ్మం దాటి లోపలికి రాగానే నువ్వు తరిమేసేదానివి. అమ్మకు పిల్లులంటే పడదు అని నేనూ తమ్ముడూ అందరికీ చెప్పేవాళ్లం. అదే నువ్వు వానాకాలంలో వసారా మూలన దాని కోసం గోనెసంచి పరిచి పెట్టేదానివి. పడనిది నీ మనసుకు కాదు, నీ ఒంటికి అని ఇన్నేళ్లకు తెలుసుకున్నాను.

ఈ వారంలో ఇక్కడ అలర్జీ డాక్టర్ దగ్గర కూర్చుని నాకు తోచినవన్నీ అడిగాను. మనమంతా పిల్లి వెంట్రుకల వల్లే అనుకుంటాం కదా, అసలు సమస్య వెంట్రుక కాదట. పిల్లి ఉమ్మిలోనూ, చర్మం మీది నూనె గ్రంథుల్లోనూ తయారయ్యే ఒక ప్రొటీన్ ఉంది. దాని పేరు ఫెల్ డి 1. పిల్లి రోజులో ఎన్నోసార్లు ఒళ్లు నాక్కుంటుంది. ఆ ఉమ్మి ఎండి, చర్మం పొట్టుతో కలిసి, కంటికి కనిపించని నలుసులై గాల్లోకి లేస్తుంది. వాటిలో కొన్ని 5 మైక్రాన్ల కంటే చిన్నవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), అందుకే ముక్కు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి. గంటలకొద్దీ గాల్లో తేలుతూనే ఉంటాయి. సోఫాకు, కర్టెన్లకు, గోడలకు, బట్టలకు అంటుకుంటాయి. పిల్లి కనిపించని గదిలో నీకు ఆయాసం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది.

నాన్న అన్నది నిజంగానే మంచి ఉపాయంలా అనిపించింది. మీరు రావడానికి నెల ముందు పిల్లిని ఎవరింట్లోనైనా ఉంచి, మీరు వెళ్లాక తెచ్చుకోమన్నాడు కదా. డాక్టర్‌ని ముందుగా అడిగింది అదే. పిల్లి ఇల్లు వదిలి వెళ్లాక కూడా, ఆ ప్రొటీన్ పిల్లి లేని ఇంట్లో ఉండే స్థాయికి దిగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుందట. అంటే మీరు ఉండే ఆరు నెలలకు తోడు అంతకుముందు ఇంకో ఆరు నెలలు దాన్ని బయట పెట్టాలి. ఏడాది పాటు పరాయి ఇంట్లో ఉన్న పిల్లి ఇంక మనదెలా అవుతుంది?

నీ అల్లుడు గాలి శుభ్రం చేసే మెషీన్ కొందామన్నారు. అందులోని హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల నలుసుల్లో కూడా 99.97 శాతం పట్టేస్తుందట. నిజమే, కానీ దానిలోంచి వెళ్లిన గాలినే అది శుభ్రం చేస్తుంది. దిండులో, పరుపులో, పాప స్వెటర్‌లో దూరినదాన్ని ఏం చేస్తుంది? ముక్కు కారి ఊరుకునే మనిషికైతే అదీ, పడకగదిలోకి పిల్లిని రానివ్వకపోవడం, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం, అన్నీ కలిపి కొంత సుఖం ఇస్తాయి. పిల్లికి స్నానం చేయిస్తే తగ్గుతుంది గానీ రెండు మూడు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఆ ప్రొటీన్‌ను పనిచేయనివ్వని యాంటీబాడీ అనే పదార్థాన్ని గుడ్డులోంచి తీసి కలిపిన పిల్లి దాణా కూడా వచ్చింది. అది తినిపిస్తే మూడో వారం నుంచి వెంట్రుకల మీద ఆ ప్రొటీన్ సగటున సగం దాకా తగ్గుతుందట. మిగతా సగం చాలదా నీకు రాత్రంతా కూర్చోవడానికి?

పాప తన వంతు వెతుకులాట తాను చేసింది. బొచ్చే లేని జాతి పిల్లి బొమ్మ చూపించి, "అమ్మమ్మకి ఇదైతే పరవాలేదు" అంది. బొచ్చు లేకపోయినా ఉమ్మి ఉంటుంది, చర్మం ఉంటుంది. అలర్జీ అసలే రాని జాతంటూ ఏదీ లేదు. ఒక పిల్లికీ ఇంకో పిల్లికీ తేడా ఉండే మాట నిజం, ఆపరేషన్ చేయించని మగపిల్లుల్లో ఎక్కువ ఉంటుంది. కానీ ఏ పిల్లి నీకు ఎంత హాని చేస్తుందో దాన్ని చూసి చెప్పలేం.

ఇక నీ మాత్ర సంగతి. అలర్జీ మాత్రలు తుమ్ములకు, కళ్ల దురదకు బాగానే పనిచేస్తాయి. ఛాతీ బిగుసుకుపోయే ఆస్తమాను అవి ఆపలేవు. మాత్ర వేసుకుని ముక్కు తేలికపడితే అంతా బాగుందనుకుంటావు, లోపల ఊపిరి గొట్టాలు వాస్తూనే ఉంటాయి. అలర్జీకి సూదిమందు కోర్సు కూడా ఉంది, కొంచెం కొంచెంగా ఒంటికి అలవాటు చేసేది. దానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, ముందు ఆస్తమా అదుపులో ఉండాలి. పిల్లిని తేవడం కోసం నీతో అదంతా చేయించడం నాకు న్యాయంగా అనిపించలేదు. రోజూ ఎదురుగా ఉంటే అదే అలవాటవుతుందని మన చుట్టాల్లో కొందరు అంటారు. కొందరికి కావచ్చేమో. ఆస్తమా ఉన్న మనిషి మీద ఆ పరీక్ష పెట్టకూడదు.

పోయిన శనివారం పాపను తీసుకుని, దిక్కులేని పిల్లుల్ని ఉంచే ఆశ్రయానికి వెళ్లాను. తెచ్చుకోవడానికి కాదు, చూడటానికి. అక్కడ బూడిదరంగు పిల్లి ఒకటి గూటిలో వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మిగతావన్నీ తలుపు దగ్గరికొచ్చి చేతులు వాసన చూస్తున్నాయి. ఇది మాత్రం కదల్లేదు. పాప చాలాసేపు నేలమీద కూర్చుని వేలు చాపి ఉంచింది. చివరికి ఆ పిల్లి లేచి వచ్చి, ఆ వేలికి నుదురు ఒక్కసారి రాసి మళ్లీ వెనక్కి వెళ్లిపోయింది. దాన్ని ఒక కుటుంబం తీసుకెళ్లి రెండు నెలలకు తిరిగి ఇచ్చేసిందని అక్కడి అమ్మాయి చెప్పింది. కారణం ఇంట్లో ఒకరికి అలర్జీ. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు, అది కాపాడుకోవడానికి తిప్పుతుంది. మనుషులు ముందు చూసుకోకుండా తెచ్చి, తర్వాత దాన్నే ఇల్లిల్లూ తిప్పుతున్నారు. అది చూశాక నా మనసు ఒక కొలిక్కి వచ్చింది.

ఇంట్లో పెరిగే పిల్లి పదిహేనేళ్లు సులువుగా బతుకుతుంది. పాపకిప్పుడు తొమ్మిది. అన్నేళ్లలో నువ్వు మా దగ్గరికి ఎన్నిసార్లు వస్తావు? రావాలని ఉన్నా ఆయాసానికి భయపడి, మోకాళ్ల నొప్పనో, నాన్నకు బాగాలేదనో చెప్పి మానేస్తావు. నువ్వు అలా చేస్తావని నాకు తెలుసు. అందుకే అన్నీ తేలేదాకా ఈ ఇంట్లోకి పిల్లి రాదు. నీ అల్లుడితో మాట్లాడాను, ఆయనదీ ఇదే మాట.

పాపకు నేనే చెప్పాను. ఏడ్చింది. "అమ్మమ్మ ఆరు నెలలే కదా ఉండేది, మిగతా రోజులన్నీ నేనే కదా ఇక్కడ" అంది. అది అడగాల్సిన మాటే, తప్పు పట్టలేదు. ఆ రాత్రి సంగతి దానికి మొదటిసారి చెప్పాను. ఆ చప్పుడు ఎలా ఉంటుందో చేసి చూపించమంది. చేయబోతే నాకు గొంతు పట్టేసింది. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. తాను గీసిన పిల్లి బొమ్మ ఫ్రిజ్ తలుపు మీద అలాగే ఉంది, తీయమనలేదు. దాని బాధ ఇంకా తగ్గలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు బుజ్జగించడానికి మళ్లీ "తెచ్చుకోండి" అని మాత్రం అనొద్దు. నీకు దండం పెడతాను.

ప్రస్తుతానికి శనివారాలు నేనూ పాపా ఆ ఆశ్రయానికి వెళ్లి వస్తున్నాం. దువ్వుతుంది, ఆడిస్తుంది, కథల పుస్తకం చదివి వినిపిస్తుంది. ఇంటికి రాగానే బట్టలు మార్చి తలస్నానం చేయడం ఇప్పటినుంచే అలవాటు చేస్తున్నాను, ఎందుకంటే ఆ ప్రొటీన్ బట్టల మీద ఇంట్లోకి వచ్చేస్తుంది. మీరున్న ఆరు నెలలూ వెళ్లడం ఆపేస్తాం.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఉంది. తమ్ముణ్ని వెంటబెట్టుకుని అలర్జీ డాక్టర్ దగ్గరికి వెళ్లు. ముంజేతి మీద పిల్లి లాంటి అలర్జీ తెప్పించేవాటి ద్రవం చుక్కలు వేసి సన్నగా గుచ్చుతారు, నొప్పి పెద్దగా ఉండదు. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఎక్కడ దద్దురు లేచిందో చూసి చెబుతారు. దానికి ముందు అలర్జీ మాత్రలు కొన్ని రోజులు ఆపాలి, ఎన్ని రోజులో వాళ్లే చెబుతారు. ఇన్‌హేలర్ మాత్రం నీ అంతట నువ్వు ఆపొద్దు. మాత్రలు ఆపడం కుదరకపోతే రక్తపరీక్ష చేయించవచ్చు. పరీక్షతో పాటు ఆ రాత్రి ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి, రెండూ కలిపి చూస్తేనే వాళ్లకు తెలుస్తుంది. నీకు పడనిది పిల్లి కాదు, పరుపుల్లో ఉండే డస్ట్ మైట్లనే కంటికి కనిపించని పురుగులో ఇంకేదో అని తేలితే అదీ మంచిదే. పిల్లి మాట అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం, పాపకు కూడా అంతే చెప్పాను. పిల్లే అని తేలితే ఇక ఆ ప్రసక్తి లేదు, దానికి నువ్వు బాధపడనక్కర్లేదు.

నాన్న మోకాలికి పట్టీ పంపిస్తున్నాను, కొలత సరిపోకపోతే చెప్పమను. తమ్ముణ్ని నాకు ఒకసారి ఫోన్ చేయమను.

ఈ ఉత్తరం అందగానే ఇన్‌హేలర్ తీసి వెనకున్న అంకె చూసి నాకు చెప్పు. వారం తర్వాత మళ్లీ చూసి చెప్పు. ఎన్నిసార్లు పీల్చావని నిన్ను అడగను, ఆ రెండు అంకెలు చాలు.

నీ
పెద్దమ్మాయి